తెల్లవారి 5:30 అయితే చాలు 14 సర్వర్లు ఒకేసారి అరుస్తాయి, పది నిమిషాలకి అవే ఊరుకుంటాయి. ఏటండీ ఇది?

ఏడురోడ్ల_అడ్మిన్ (శ్రీకాకుళం), సోమవారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు సంస్థలో సిస్టమ్స్ చూస్తాను. చూస్తానంటే సర్వర్లు, ప్రింటర్లు, సీసీ కెమెరాలు, మేడం గారి ల్యాప్‌టాప్‌లో రాని సౌండు, అన్నీ నేనే. రెండు ఫిజికల్ సర్వర్లు ఉన్నాయి, రెండింటి మీదా ప్రాక్స్‌మాక్స్ (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్), స్టోరేజీ జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ (అదే డేటా రెండు డిస్కుల్లోనూ ఉంటుంది), మొత్తం 22 వర్చువల్ మెషీన్లు. వాటిలో 4 విండోస్, మిగతావి ఉబుంటు, ఉబుంటువన్నీ ఒకే టెంప్లేట్ నుంచి నేను క్లోన్ కొట్టినవే. మానిటరింగ్‌కి జాబిక్స్ పెట్టాను, అది బయట అద్దె క్లౌడ్‌లో ఉంటుంది, అలర్ట్‌లు టెలిగ్రామ్ గ్రూపులో పడతాయి.

సమస్య ఏంటంటే రోజూ తెల్లవారి 5:30 దాటిన రెండు మూడు నిమిషాలకి ఫోన్ మోగడం మొదలవుతుంది. లోడ్ యావరేజ్ ఎక్కువ, డిస్క్ వెయిట్ ఎక్కువ అని 12 నుంచి 14 మెషీన్లు వరసగా. నేను లేచి కళ్ళు నులుముకుని ల్యాప్‌టాప్ తెరిచి లాగిన్ అయ్యేసరికి అన్నీ ఆకుపచ్చ. ఏం జరిగిందో చూద్దామంటే అప్పటికే ఏమీ ఉండదు. మా అమ్మ అయితే ఆ శబ్దానికే లేచి పాలు కాచేస్తోంది, ఆవిడకి అదే అలారం.

ఇది కాక రాత్రి 11 నుంచి ఒంటిగంట మధ్యలో ఒక్కో మెషీన్‌కి జాబిక్స్ ఏజెంట్ (మెషీన్ లోపల ఉండి సమాచారం ఇచ్చేది) అందడం లేదని వస్తుంది, కాసేపటికి అందింది అని మళ్ళీ ఇంకో మెసేజ్. రెండు విండోస్ మెషీన్లలో డి డ్రైవ్ 100% నిండిపోయిందని పెట్టిన రోజు నుంచీ ఎర్రగానే ఉంది, లోపలికి వెళ్ళి చూస్తే మేం వాడే డేటా డ్రైవ్ సగం కూడా నిండలేదు. ఇంటర్నెట్ లైను పోయిందా, 22 మెషీన్లూ చచ్చిపోయాయని 22 మెసేజ్‌లు.

సీపీయూ లిమిట్ 80 నుంచి 90 చేశాను, 90 నుంచి 95 చేశాను, తేడా లేదు. మా సార్ కూడా గ్రూపులో ఉన్నారు, రోజూ పొద్దున్నే "వాట్ ఈజ్ దిస్" అని ఒక్క ముక్క పెడతారు. మెషీన్లు మాత్రం పగలంతా బాగానే పనిచేస్తున్నాయి, యూజర్లలో ఒక్కరు కూడా స్లోగా ఉందని అనలేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

నైట్‌షిఫ్ట్_నాగావళి, సోమవారం రాత్రి 10:31

గ్రూపు మ్యూట్ చేసి పడుకో బ్రో. యూజర్లు అడగట్లేదంటే సమస్య లేనట్టే. నేను ఏడాదిగా అలాగే బతుకుతున్నా.

కోట_వెనకాల (విజయనగరం), సోమవారం రాత్రి 11:05

పై సలహా మాత్రం పాటించొద్దు తమ్ముడూ, నేను పాటించి దెబ్బ తిన్నాను కాబట్టి చెప్తున్నా.

మాదీ ఇదే కథ, స్టోరేజీ ఒక్కటే వేరు, మాకు ఎల్‌వీఎం థిన్ పూల్ (ఉన్న జాగా కంటే ఎక్కువ మెషీన్లకి పంచనిచ్చే రకం). రోజుకి నూట యాభై దాకా మెసేజ్‌లు వచ్చేవి. గ్రూపు మ్యూట్ చేశాను, వారానికోసారి పైపైన చూసేవాడిని. ఓ ఏడాది సిరిమానోత్సవం రోజు, మంగళవారం, ఆఫీసుకి సెలవు, ఇంటి నిండా చుట్టాలు, నేను పైడితల్లమ్మ గుడి వైపు జనంలో ఇరుక్కున్నాను. జేబులో ఫోన్ తీసి చూస్తే 31 మిస్డ్ కాల్స్. థిన్ పూల్ నిండిపోయింది. ఉన్న జాగా 2 టీబీ, మెషీన్లకి కాగితం మీద పంచింది 3 టీబీ పైనే, ఎవరికి వాళ్ళు మాకింకా జాగా ఉందనుకుని రాసుకుంటూ పోయారు. పూల్ నిండగానే మెషీన్లు ఐఓ ఎర్రర్ అని ఎక్కడివక్కడ ఆగిపోయాయి. లోపలి నుంచి చూస్తే ఒక్క మెషీన్‌లో కూడా డిస్క్ నిండలేదు, అదీ అసలు మాయ. జాగా తగ్గుతోందని అలర్ట్ రాలేదా అంటే వచ్చింది, నాలుగు రోజుల ముందే వచ్చింది, ఆ నూట యాభైలో ఒకటిగా వచ్చింది.

ఆ జనంలోంచి బయటపడి మూడు లాంతర్ల కూడలి దాకా నడిచి ఆటో పట్టుకుని ఆఫీసు చేరేసరికి గంటన్నర. కాబట్టి మ్యూట్ వద్దు. ఒక్కో అలర్ట్‌నీ పట్టుకుని, ఇది వస్తే నేను లేచి చేసే పని ఏంటి అని అడుగు. పని ఏదీ లేకపోతే అది ఫోన్‌కి రాకూడదు, గ్రాఫ్‌లో ఉంటే చాలు.

నైట్‌షిఫ్ట్_నాగావళి, సోమవారం రాత్రి 11:09

సరే అన్నా, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. రేపే మా పూల్ చూసుకుంటా 😬

పాత_క్రాన్ (ఆమదాలవలస), మంగళవారం ఉదయం 7:40

బాబూ, నువ్వు లిమిట్ పెంచుకుంటూ పోయావు కానీ గడియారం చూడలేదు. రోజూ ఒకే టైముకి వచ్చే అలర్ట్‌ని లోడ్ సమస్య అనుకోకూడదు, ఎవరో ఆ టైముకి ఏదో పని పెట్టారు, అంతే. అది ఎవరు పెట్టారో వెతకాలి. సాధారణంగా మనమే అయి ఉంటాం.

5:30 అనగానే నాకు ఒక్కటే గుర్తొస్తుంది. మన టైముకీ, ప్రపంచమంతా లెక్కకి వాడే యూటీసీ టైముకీ తేడా అయిదున్నర గంటలు. నీ టెంప్లేట్ ఏదైనా క్లౌడ్ ఇమేజ్ నుంచి చేసి ఉంటావు, వాటిలో టైమ్‌జోన్ యూటీసీయే ఉంటుంది, మనం మార్చకపోతే అలాగే ఉండిపోతుంది. ఆ టెంప్లేట్‌లో రాత్రి 12 గంటలకి నడిచేలా ఏదైనా క్రాన్ (చెప్పిన టైముకి దానంతట అదే నడిచే పని) పెట్టావా, లాగులు కుదించేదో, డేటాబేస్ డంప్ తీసేదో? పెట్టి ఉంటే అది మన రాత్రి 12కి కాదు, యూటీసీ 12కి, అంటే మన పొద్దున్న 5:30కి నడుస్తుంది. అదీ క్లోన్ కొట్టిన ప్రతి మెషీన్‌లోనూ అదే నిమిషానికి. 14 మంది ఒకే బావిలో ఒకేసారి చేద వేసినట్టు అందరూ ఒకే డిస్కుల మీద పడతారు, ఎవరి పనీ తెమలదు.

నమ్మకం లేకపోతే ఒక పరీక్ష ఉంది. ఉబుంటులో క్రాన్ డైలీ పనులు మామూలుగా 6:25కి నడుస్తాయి, అది డెబియన్ కాలం నుంచి వస్తున్న లెక్క. నీ మెషీన్లు యూటీసీలో ఉంటే ఆ 6:25 మనకి పగలు 11:55 అవుతుంది. గ్రాఫ్ తెరిచి రోజూ 11:55 దగ్గర చిన్న గుబ్బ ఉందేమో చూడు. అలర్ట్ వచ్చేంత పెద్దది కాకపోవచ్చు, కానీ ఉంటే కేసు తేలిపోయినట్టే.

ఇంకోటి. లోడ్ యావరేజ్ అంటే సీపీయూ అనుకునే పొరపాటు అందరూ చేస్తారు. లినక్స్‌లో డిస్క్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్న పనులు కూడా లోడ్‌లోకే లెక్క వస్తాయి. అందుకే సీపీయూ ఖాళీగా ఉన్నా లోడ్ 20, 30 కనిపిస్తుంది. నువ్వు సీపీయూ లిమిట్ 95 కాదు 99 చేసినా ఆ మెసేజ్ ఆగదు, ఎందుకంటే అది వేరే ట్రిగ్గర్ (అలర్ట్ ఎప్పుడు రావాలో చెప్పే షరతు), జాబిక్స్ టెంప్లేట్‌లో అది ఒక్కో కోర్‌కి లోడ్ ఎంత అని విడిగా చూస్తుంది. ఒకసారి టాప్ కమాండ్ కొట్టి పై వరసలో డబ్ల్యూఏ ఎంతుందో, ఎస్‌టీ ఎంతుందో చూసి చెప్పు. డబ్ల్యూఏ ఎక్కువైతే డిస్క్, ఎస్‌టీ ఎక్కువైతే కింద హోస్ట్‌లో, అంటే ఫిజికల్ సర్వర్‌లో, సీపీయూ చాలక మెషీన్లు వంతు కోసం కొట్టుకుంటున్నాయని.

ఏడురోడ్ల_అడ్మిన్, మంగళవారం మధ్యాహ్నం 1:20

గురువు గారూ దండం. 11:55 దగ్గర గుబ్బ ఉంది! మూడు నెలల గ్రాఫ్ వెనక్కి జరిపి చూశాను, ప్రతి రోజూ ఉంది, గోడకి మేకు కొట్టినట్టు. ఇన్నాళ్ళూ అది భోజనాల ముందు యూజర్లు హడావిడిగా సేవ్ చేసుకోవడం అనుకున్నాను, నవ్వకండి.

టెంప్లేట్‌లో రాత్రి 12 క్రాన్ కూడా ఉంది. రెండేళ్ళ క్రితం నేనే రాశాను, వారం రోజుల లాగులన్నీ కలిపి జిప్ చేసి పక్క ఫోల్డర్‌లో పెట్టేది. పెట్టినట్టే మర్చిపోయాను. ఎస్‌టీ సున్నా, డబ్ల్యూఏ 5:34కి 60 పైన ఉందని హిస్టరీలో కనిపించింది.

ఇప్పుడు అన్నింటి టైమ్‌జోన్ ఇండియాకి మార్చేయనా?

బొబ్బిలి_బైట్, మంగళవారం మధ్యాహ్నం 2:02

నా అభిప్రాయం మార్చొద్దు అన్నా. సర్వర్లు యూటీసీలో ఉంటేనే మంచిది, రేపు నీ లాగునీ క్లౌడ్‌లో ఉన్న దాని లాగునీ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు అయిదున్నర కలపడం, తీసేయడం అనే తలనొప్పి ఉండదు. క్రాన్ టైము మాత్రం మార్చుకో. పైగా ఏదైనా పాత అప్లికేషన్ సర్వర్ టైమునే బిల్లు మీద కొడుతూ ఉంటే, నువ్వు సడన్‌గా మార్చేస్తే సాయంత్రానికి అకౌంట్స్ వాళ్ళు నీ సీటు దగ్గరికి వస్తారు.

పాత_క్రాన్, మంగళవారం సాయంత్రం 6:15

బొబ్బిలి అబ్బాయి చెప్పింది పెద్ద సెటప్‌లకి సరైనదే, కానీ ఒక్క మనిషి చూసుకునే చోట, అదీ నిద్రలో లేచి చూసుకునే చోట, గడియారం మన గడియారమైతేనే బుర్ర పనిచేస్తుంది. రెండిట్లో ఏదైనా పర్లేదు, అన్నీ ఒకేలా ఉండాలి అంతే. సగం ఇటు సగం అటు అయితే ఆ భగవంతుడు కూడా కనిపెట్టలేడు. టైమ్‌జోన్ మారిస్తే మాత్రం క్రాన్ సర్వీసుని రీస్టార్ట్ చెయ్యి, లేకపోతే అది పాత టైమునే పట్టుకుని వేలాడుతుంది.

దానికంటే ముఖ్యం, టైము ఏదైనా సరే, అందరికీ ఒకే నిమిషం పెట్టకు. ఆ క్రాన్ ముందు ఎంతో కొంత ర్యాండమ్‌గా ఆగేలా రాయి, అరగంట లోపల ఎప్పుడో ఒకప్పుడు మొదలయ్యేలా. లేదంటే మెషీన్ నంబరుని బట్టి నిమిషం మార్చు. టెంప్లేట్‌లో కూడా మార్చడం మర్చిపోకు, లేకపోతే వచ్చే నెల కొత్తగా క్లోన్ కొట్టిన దాంతో కథ మళ్ళీ మొదటికొస్తుంది.

రాత్రి 11 నుంచి వచ్చేది బ్యాకప్ అయి ఉంటుంది. బ్యాకప్ ఎక్కడికి వెళ్తోంది?

ఏడురోడ్ల_అడ్మిన్, మంగళవారం రాత్రి 8:50

అవునండీ, 11కి బ్యాకప్ మొదలు, ఒకదాని తర్వాత ఒకటి. రెండు డిస్కుల పాత నాస్ (నెట్‌వర్క్ మీద పెట్టిన స్టోరేజీ డబ్బా) ఒకటుంది, దానిలోకి. బ్యాకప్ స్పీడుకి లిమిట్ కూడా పెట్టాను, మెషీన్ల మీద బరువు పడకూడదని. అయినా ఏజెంట్ అందడం లేదని వస్తుంది.

పాత_క్రాన్, మంగళవారం రాత్రి 9:30

ఆ లిమిటే కొంత చెడగొడుతోంది, విను.

ప్రాక్స్‌మాక్స్ నడుస్తున్న మెషీన్‌కి బ్యాకప్ తీసేటప్పుడు, ఆ మెషీన్ ఇంకా బ్యాకప్ కాని బ్లాక్ మీద కొత్తగా ఏదైనా రాయబోతే, ముందు పాత బ్లాక్‌ని బ్యాకప్‌లోకి పంపి, అది చేరాక గానీ కొత్తది రాయనివ్వదు. అంటే మెషీన్ లోపల రాసే వేగం నీ నాస్ వేగం అయిపోతుంది. నాస్ నత్తలా నడిస్తే డేటాబేస్ కూడా నత్తలా నడుస్తుంది. మూడు నిమిషాలు ఏజెంట్ పలకకపోతే జాబిక్స్ అందుబాటులో లేదని చెప్పేస్తుంది, దాని తప్పేమీ లేదు. నువ్వు లిమిట్ పెట్టి బ్యాకప్‌ని ఇంకా సాగదీశావు, అది నడిచినంతసేపూ ఈ బాధ ఉంటుంది.

2024 ఏప్రిల్‌లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 8.2 నుంచి ఫ్లీసింగ్ అని ఒక ఆప్షన్ ఉంది, బ్యాకప్ జాబ్ అడ్వాన్స్‌డ్‌లో ఉంటుంది. అది పెడితే ఆ పాత బ్లాకుల్ని ముందు లోకల్ ఫాస్ట్ డిస్క్‌లో పడేసి మెషీన్‌ని వదిలేస్తుంది, నాస్‌కి తర్వాత తీరిగ్గా పంపుకుంటుంది. నీ వెర్షన్ పాతదైతే అప్‌గ్రేడ్ చేసుకో, ఎలాగూ చెయ్యాల్సిందే. అది అయ్యేదాకా బ్యాకప్ టైముకి జాబిక్స్‌లో మెయింటెనెన్స్ విండో పెట్టు, డేటా సేకరించే రకంది పెట్టు, గ్రాఫ్‌లో కన్నం పడదు, మెసేజ్‌లు మాత్రం ఆగుతాయి. అయితే అన్ని మెషీన్లకీ రాత్రంతా పెట్టేసి చేతులు దులుపుకోకు, రాత్రి నిజంగా పడిపోయినది కూడా కనపడదు అప్పుడు.

టెక్కలి_టవర్, బుధవారం ఉదయం 9:10

22 మెసేజ్‌ల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను, ఇది మా ఏరియా స్పెషల్. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు మా మానిటరింగ్ బయట ఊళ్ళో ఉండేది. కరెంటు పోయింది, యూపీఎస్ సిగ్నల్ ఇచ్చి సర్వర్లని పద్ధతిగా ఆపేసింది, లైను ఎలాగూ తెగింది. సర్వర్ల వరకు మాకేమీ నష్టం లేదు. కానీ మా పై ఆఫీసులో మాత్రం ఒక్కో మెషీన్ పేరునా చనిపోయింది, చనిపోయింది అని మెసేజ్‌లు. అక్కడివాళ్ళు మొత్తం పోయిందనుకుని కంగారు పడిపోయారు, మాకు ఫోన్లు కలవక వాళ్ళకి సంగతి చెప్పడానికే రెండు రోజులు పట్టింది.

తర్వాత చేసిన పని ట్రిగ్గర్ డిపెండెన్సీ. వర్చువల్ మెషీన్ ట్రిగ్గర్ హోస్ట్ ట్రిగ్గర్ మీద ఆధారపడాలి, హోస్ట్ ట్రిగ్గర్ రౌటర్ పింగ్ మీద ఆధారపడాలి. లైను పోతే ఒకే మెసేజ్ వస్తుంది, లైను పోయింది అని. ఇంకా బాగుండాలంటే ఆఫీసులోనే ఒక చిన్న జాబిక్స్ ప్రాక్సీ పెట్టు, లైను లేనంతసేపు డేటా దాచిపెట్టి లైను రాగానే పంపుతుంది. మాది పాత డెస్క్‌టాప్ మీద నడుస్తోంది, మూలన దుమ్ము కొట్టుకుని ఉంటుంది పాపం.

కోట_వెనకాల, బుధవారం ఉదయం 10:25

విండోస్ డి డ్రైవ్ గురించి: అది డిస్కే కాదు. మెషీన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వర్టిఐఓ డ్రైవర్ల ఐఎస్ఓ సీడీ డ్రైవ్‌లో పెట్టి ఉంటావు, తీయడం మర్చిపోయి ఉంటావు. సీడీ ఎప్పుడూ 100% నిండే ఉంటుంది కదా 😄 నీ డేటా ఉన్నది ఈ (E) డ్రైవ్ అయి ఉంటుంది చూసుకో. హార్డ్‌వేర్‌లోకి వెళ్ళి మీడియా తీసేయ్. ఉబుంటులో స్నాప్ ప్యాకేజీల మౌంట్లు కూడా ఇలాగే 100% చూపిస్తాయి, స్క్వాష్ఎఫ్ఎస్ రకం ఫైల్‌సిస్టమ్‌ని డిస్కవరీ ఫిల్టర్‌లోంచి తీసేస్తే ఆ గోల ఉండదు.

ఇంకో చిట్కా, నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. జాబిక్స్ యాక్షన్‌లో (అలర్ట్ వస్తే ఏం చెయ్యాలో పెట్టే చోట) మెసేజ్‌ని మొదటి స్టెప్‌లో పెట్టకు. స్టెప్ నిడివి 10 నిమిషాలు పెట్టి, మెసేజ్ రెండో స్టెప్ నుంచి పంపు. పది నిమిషాల్లో దానంతట అదే తగ్గిపోయిన జ్వరానికి డాక్టర్ని లేపదు. హోస్ట్ పడిపోవడం, స్టోరేజీ నిండటం లాంటి వాటికి మాత్రం వేరే యాక్షన్ పెట్టి, వేరే గ్రూపుకి మొదటి స్టెప్‌లోనే పంపు, వాటికి ఆలస్యం వద్దు. మీ సార్‌ని ఈ రెండో గ్రూపులో మాత్రమే ఉంచు, మొదటి దాంట్లోంచి మర్యాదగా తప్పించు.

ఏడురోడ్ల_అడ్మిన్, శనివారం సాయంత్రం 7:15

అప్‌డేట్ ఇస్తున్నాను, ఆలస్యానికి సారీ, మధ్యలో ప్రింటర్ ఒకటి చచ్చింది.

క్రాన్‌లని 40 నిమిషాల్లో విడివిడిగా సర్దాను. టైమ్‌జోన్ ఇండియాకే మార్చాను, బొబ్బిలి తమ్ముడు ఏమీ అనుకోకు, బిల్లింగ్ మెషీన్ ఒక్కటి ముట్టుకోలేదు, దాని మీద పెద్ద అక్షరాలతో నోట్ పెట్టాను. అన్నీ ఒకేలా ఉండాలని గురువు గారు అన్నారు, తెలుసు, అది మాత్రం అకౌంట్స్ వాళ్ళతో మాట్లాడాక. డి డ్రైవ్ నిజంగా సీడీయే, రెండింట్లోనూ, ఇన్నాళ్ళు దాన్ని చూస్తూ కూర్చున్నందుకు సిగ్గేసింది. ఫ్లీసింగ్ పెట్టాను, లిమిట్ తీసేశాను, మూడు రాత్రులుగా ఏజెంట్ మెసేజ్ ఒక్కటే వచ్చింది, అదీ మెయిల్ సర్వర్‌ది, దాన్ని ఇంకా చూడాలి. డిపెండెన్సీలు సగం అయ్యాయి. రోజుకి 60, 70 మెసేజ్‌లు వచ్చేవి, నిన్న 4 వచ్చాయి, నాలుగూ నిజమైనవే.

గురువారం పొద్దున్న ఫోన్ మోగలేదు. అమ్మ ఆరున్నరకి లేచి, పాలవాడు వచ్చి వెళ్ళిపోయాడని నన్ను తిట్టింది.

ఒక్కటి మాత్రం తేలలేదు. నెలకోసారి ఒక ఆదివారం, అర్ధరాత్రి దాటాక 12:24 నుంచి రెండు హోస్ట్‌ల మీదా డిస్కులు మూడు నాలుగు గంటలు ఆగకుండా తిరుగుతాయి, దాంతో మెషీన్లన్నీ కాస్త నెమ్మదిస్తాయి. బ్యాకప్ అప్పటికి అయిపోదు కూడా. హోస్ట్‌లో నేను క్రాన్ ఏదీ పెట్టలేదు, ఈసారి ఒట్టు.

పాత_క్రాన్, శనివారం రాత్రి 8:02

నువ్వు పెట్టలేదు, ప్యాకేజీ పెట్టింది. జెడ్‌ఎఫ్‌ఎస్ స్క్రబ్ అది. డెబియన్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ ప్యాకేజీతో పాటే క్రాన్ వస్తుంది, నెలలో రెండో ఆదివారం 12:24కి స్క్రబ్ మొదలుపెడుతుంది, డిస్క్ మీద ఉన్న ప్రతి బ్లాకూ చదివి చెడిపోయిందా లేదా చూస్తుంది. అది ఆపకు, మిర్రర్ ఉన్నందుకు ఫలితం అదే. కావాలంటే ఆ ఒక్క రాత్రి బ్యాకప్‌ని తొమ్మిదికే మొదలుపెట్టు, రెండూ ఒకదాని మీద ఒకటి పడవు.

ఏడురోడ్ల_అడ్మిన్, శనివారం రాత్రి 8:11

రేపే రెండో ఆదివారం. బ్యాకప్ 9కి మార్చేశాను. ఈ రాత్రి 12:24కి మెలకువగా ఉండి చూస్తాను.

పాత_క్రాన్, శనివారం రాత్రి 8:13

పడుకో బాబూ. జెడ్‌పూల్ స్టేటస్ కమాండ్ పొద్దున్న కొట్టి చూసుకోవచ్చు, ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ముగిసిందో లాగులో ఉంటుంది. పాలవాడి కోసం మాత్రం వేరే అలారం పెట్టుకో.